మంద వెంట పోయిన బొగ్గు చుక్క

ఆడమనిషి రొమ్ములో చేతికి తగలని, కంటికి ఆనని, ఉప్పు నూరితే రాలే పొడికన్నా చిన్నదాన్ని వెతికి పట్టుకోవడం కొన్నేళ్లపాటు నా ఉద్యోగం. నేను డాక్టర్ని కాదు, ఎక్స్‌రే తీసే మనిషిని. ఎక్స్‌రే తీసే ఆడదాన్ని ఏమని పిలవాలో మా అనంతపురం పల్లెల్లో ఎవరికీ తెలీదు కాబట్టి అందరికీ నేను నర్సమ్మనే. మొదట్లో దిద్దేదాన్ని. తర్వాత విసుగొచ్చి పలకడం నేర్చుకున్నాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు తెర మీద బొమ్మను ఎంత కావాలంటే అంత పెద్దది చేసి చూసుకుంటున్నారు. చూసుకోండి, నాకేం కుళ్లు లేదు. ఉంది, కొంచెం. మా కాలంలో ఫిల్మును చీకటిగదిలో కడిగి, ఆరబెట్టి, లైటుపెట్టె మీద పెట్టి, భూతద్దం పట్టుకుని కళ్లు చికిలించి చూసేవాళ్లం. అలా చూసిన ఒక ఫిల్ము గురించి, ఆ ఫిల్ములోని మనిషి గురించి మీకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మాది ధర్మాసుపత్రి. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు, వానలు వరసగా మొహం చాటేసిన కాలం. ఎవరో దాతలు వాడిన మామోగ్రామ్ యంత్రం ఒకటి పంపారు. దానికి చల్లదనం కావాలి కాబట్టి ఆపరేషన్ థియేటరు తర్వాత ఏసీ ఉన్న గది నాదొక్కటే. ఎండాకాలంలో నాకు స్నేహితులు చాలా ఎక్కువగా ఉండేవాళ్లు.

యంత్రం వచ్చాక మా సర్జన్‌కు కొత్త చిక్కు వచ్చిపడింది. ఆయన గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు. అంతవరకూ ఆయన చూసిన గడ్డలన్నీ పెద్దవే, కోయగానే దొరికేవి. ఇప్పుడు నేను ఫిల్ములో చూపించే తెల్లటి సున్నపు రేణువులు అలా దొరికే సరుకు కాదు. కోసి చూస్తే లోపలంతా ఒకటే పసుప్పచ్చటి కొవ్వు, ఎక్కడని వెతకాలి? అవి క్యాన్సర్‌కు తొలి అడుగు కావచ్చు, ఏమీ కాకపోనూవచ్చు. తీసి పరీక్షిస్తేగాని తెలీదు. తీయాలంటే కత్తి పట్టకముందే అవి ఎక్కడున్నాయో గుర్తు పెట్టాలి.

మొదట పెన్నుతో మొదలుపెట్టాం. స్కానింగులో కనబడే రకం గడ్డ అయితే స్కాన్ చేస్తూ, దానికి సరిగ్గా పైన చర్మం మీద సిరాతో ఒక చుక్క. అంతకన్నా చవక ఇంకేముంటుంది? గోరంట్ల దగ్గర నుంచి వచ్చిన ఒక కోడలికి అలాగే చుక్క పెట్టి వార్డుకు పంపాం. తెల్లవారి థియేటర్లో బల్ల మీద చూస్తే చర్మం తళతళలాడుతోంది, చుక్క లేదు. కత్తి కిందికి పోయే మనిషి మైలగా పోకూడదని అత్తగారు చీకటితోనే లేపి, సున్నిపిండితో ఒళ్లంతా రుద్ది తలకు పోసింది.

“ఏందో మసి అంటుకోని ఉండె సార్. ఎంతకీ పోకపాయ. బాగా తోమినాను” అని సర్జన్‌కు గర్వంగా చెప్పింది కూడా. ఆయన మంచిపని చేశావమ్మా అని వచ్చేశాడు. ఆ రోజు ఆపరేషన్ లేదు. మళ్లీ స్కాను, మళ్లీ పస్తు, మళ్లీ ఇంకో రోజు.

ఈ కథ మా మేనేజరు చెవిన పడింది. ఆయన బ్యాంకులో రిటైరై మా దగ్గర చేరిన పెద్దమనిషి. ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఆయనకు అన్నం సయించదు. నేను ఆయన్ని చాటుగా చాలా మాటలు అన్నాను గానీ, ఆ ఆసుపత్రి తలుపులు మూతపడకుండా ఉన్నది ఆయన పిసినారితనం వల్లే.

“ఏమప్పా డాక్టరూ, ఒగ ఆపరేషన్‌కు రెండు దినాలు థియేటరు కట్టేస్తే ఎట్ల? గుర్తు పెట్టేదానికి ఎన్ని దార్లుండాయి, దేనికెంత అవుతాది, అన్నీ పక్కపక్కన పెట్టి నాకు చూపించండి” అన్నాడు.

సర్జన్, నేను నా చల్లటి గదిలో కూర్చుని సరిపోల్చడం మొదలుపెట్టాం. పెద్ద నగరాల్లో ఒక పద్ధతి ఉంది. రేణువుల దగ్గర రవ్వంత రేడియోధార్మిక మందు వేసి, దాన్ని పసిగట్టే పరికరంతో వెతుకుతారు. ఆ పరికరం ధర చదివి సర్జన్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. రెండోది కొక్కెం తీగ. సన్నటి సూదిలోంచి కొస వంగిన తీగను రేణువుల దాకా పంపి వదిలితే అక్కడ పట్టుకుని కూర్చుంటుంది, సర్జన్ తీగ వెంట పోతాడు. మంచి పద్ధతే. కానీ తీగలు బెంగళూరు నుంచి రావాలి, ఒకరికి వాడింది ఇంకొకరికి పనికిరాదు. పైగా పొద్దున తీగ పెడితే ఆ పూటే ఆపరేషన్ అయిపోవాలి. ఈలోగా కష్టమైన కాన్పు కేసు వచ్చిందా, కరెంటు పోయిందా, తీగ పెట్టించుకున్నామె, బయటికి పొడుచుకొచ్చిన కొస కదలకుండా రొమ్ము మీద బోర్లించిన కాగితపు కప్పును చూసుకుంటూ, ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా పడుకుని ఉండాలి. ఒకామె అలా పడుకున్న పూట నేను పక్కనే ఉన్నాను. మళ్లీ చూడాలనిపించలేదు.

మూడోది బొగ్గు. నవ్వకండి. పురుగుమందు తాగినవాళ్ల కడుపులోకి పంపే బొగ్గుపొడి మా ఆసుపత్రిలో ఎప్పుడూ నిల్వ ఉండేది. ఎందుకుండేదో ఆ ఏళ్లు చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అలాంటి బొగ్గునే మరీ మెత్తగా చేసి, శుద్ధి చేసిన ఉప్పునీళ్లలో కలిపి, సూదితో రేణువుల దాకా పోయి, వెనక్కి లాగుతూ కొంచెం కొంచెంగా వదిలితే లోపల నల్లటి గీత పడుతుంది. చర్మం మీద చుక్క మిగులుతుంది. ఎంత తోమినా పోదు. పెట్టిన పూటే కోయాల్సిన పని కూడా లేదు, గీత ఎన్నాళ్లయినా అక్కడే ఉంటుందని సర్జన్ ఏదో పత్రికలో చదివాడు. ఖర్చు తీగతో పోలిస్తే లెక్కలోకే రాదు.

చదివిందాన్ని నమ్మి మనిషిని పొడవలేం కదా. కోడిమాంసం తెప్పించి, అందులో సుద్దపొడి దాచి, ఎక్స్‌రే తీసి, బొగ్గు గీత పెట్టి, కోసి చూసేవాళ్లం. మొదట్లో సూది బొగ్గుతో పూడుకుపోయేది, లేకపోతే గీత పక్కకు పోయేది. మా వార్డు ఆయమ్మ చీపురు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి చూసి చూసి అడిగింది. “పొద్దున్నుంచి ఆ కోడికి ఫోటోలు తీస్తానే ఉండారు. పెండ్లి సంబంధమేమన్నా చూస్తాండారా?”

సరిపోల్చిన కాగితం మేనేజరు ముందు పెట్టాం. ఆయన పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివి, “మొత్తం రొమ్మే తీసేస్తే? అప్పుడు ఈ గుర్తులేవీ అక్కర్లేదు గదా. అన్నిట్లోకీ అదే చవక. అది యాల రాయలేదు?” అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకు అది కాగితం మీద మిగిలిపోయిన ఒక ఖాళీ గడి, అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. సర్జన్ మాత్రం గొంతు పెంచకుండా, “రాస్తానండి. కానీ ఆ గడిలో ఖరీదు నేను వేయను. ఎవరి రొమ్ము తీస్తామో ఆవిడొచ్చి వేస్తుంది” అన్నాడు. ఆ గడి గీసి, ఖరీదు వేయకుండా ఇచ్చిన కాగితాన్ని మేనేజరు తన దగ్గరే పెట్టుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఆమె వచ్చింది. శింగనమల దిక్కు పల్లె, గొర్రెలు మేపే కుటుంబం. నలభై ఏళ్లుంటాయి. మేం పెట్టిన ఉచిత పరీక్షల శిబిరానికి ఒక్కతే బస్సెక్కి వచ్చింది. ఏమైనా బాధ ఉందా అంటే లేదంది. మరి ఎందుకొచ్చావంటే, చూస్తామంటిరి గదా, చూడండి అంది. భుజాన కంబళి, ఒంటి నిండా మంద వాసన. ఇద్దరు మగపిల్లలుంటే ఇద్దరూ ఇళ్లు కట్టే బేల్దారి పనికి బెంగళూరు పోయారట.

ఫిల్ము కడిగి లైటుపెట్టె మీద పెట్టాను. ఎడమ రొమ్ములో, బాగా లోపలగా, చిటికెడు పొడి. భూతద్దం పెడితే విడివిడిగా కనబడ్డాయి, వంకరటింకరగా, ఒకదాని వెనక ఒకటి. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. చెప్తే మీకు వింతగా ఉంటుంది, భయంతో కాదు. ఇంత ఎండలో, ఇంత నేల మీద, పొద్దస్తమానం జీవాల వెంట తిరిగే మనిషి. ఆమెకే తెలియని చిటికెడు పొడి ఆమె లోపల కూర్చుని ఉంది, అది నా లైటుపెట్టె మీదికి వచ్చింది. గుడిలో కూడా నాకు ఎప్పుడూ అలా అనిపించలేదు.

సర్జన్ ఆమెకు అన్నీ విడమరిచి చెప్పాడు. ఇవి ఊరికే ఉన్నవి కావచ్చు, చెడు జబ్బుకు మొదలు కావచ్చు. ఆ భాగం వరకే తీసి పరీక్షించవచ్చు. అది దొరక్కపోతే మొత్తం తీయాల్సి రావచ్చు. లేదా మొదటే మొత్తం తీసేయవచ్చు, వెతకడం అనే బాధ ఉండదు. ఆయన ఆ చివరి మాట కూడా దాచకుండా చెప్పాడు.

ఆమె ఎడమ భుజం మీది కంబళి సర్దుకుంది. “గొర్రె ఈనితే పిల్లను నేను ఈ పక్కే ఎత్తుకునేది సామీ. తల ఈడ ఆనించుకుంటాది. అది చెడిందని తేలితే తీసేయండి, నేనే అడుగుతా. తేలకముందే తీసేదెట్ల?”

స్కానింగులో ఆ రేణువులు కనబడవు, కాబట్టి పెన్ను పనికిరాదు. మత్తు డాక్టరు మా దగ్గరికి వారానికి ఒక్క రోజే వచ్చేవాడు. ఆ రోజే యంత్రం, కరెంటు, తీగ అన్నీ కుదరాలంటే కష్టం. బొగ్గే పెడదామన్నాడు సర్జన్. నడుమ కిటికీలా కోసిన పలక కింద రొమ్మును నొక్కిపెట్టి, అంచుల మీది అంకెల్ని బట్టి నేను చోటు చెప్పాను, ఆయన సూది దించాడు. ఫిల్ము తీసి చూస్తే సూది కొస రేణువుల నడుమన ఉంది. మనిషికి మేం బొగ్గు పెట్టడం అదే మొదలు. ఆమె గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడింది. “అయిపాయనా?” అని మాత్రం అడిగింది.

వచ్చే వారం ఆపరేషన్, ముందు రోజే వచ్చి పడుకో అని చెప్పి పంపాం. వారం వచ్చింది, ఆమె రాలేదు. ఆ తర్వాతి వారమూ రాలేదు. మత్తు డాక్టరు టీ తాగి వెళ్లిపోయాడు.

మేనేజరు నా గదికే వచ్చాడు. “తీగ పెట్టింటే యాడికి పోయింటుంది? తీగ పెట్టిన మనిషి బస్సెక్కదు. మీ బొగ్గు చవక అంటిరి. మనిషే రాకపోతే దానికెంత వేసుకోవల్లనో చెప్పండి.” ఆయన అన్నది నిజం, అందుకే నాకు మరింత కోపం వచ్చింది. తీగ మనిషిని కట్టేస్తుంది. బొగ్గు మనిషిని వదిలేస్తుంది, మళ్లీ వస్తుందిలే అని నమ్ముతుంది. ఆ నమ్మకం మా కాగితం మీద లేదు.

జీపు తీసుకుని ఆమె ఊరికి పోయాను. చెరువు నెర్రెలిచ్చి ఉంది. ఆమె ఇంటి వాకిలికి కంపచెట్టు అడ్డం వేసి ఉంది. పక్కింటి అరుగు మీద ఒక అవ్వ కూర్చుని ఉంటే అడిగాను.

“మేపు ల్యాకపాయ, నీళ్లు ల్యాకపాయ. మందలన్నీ కదిలిపాయ” అంది అవ్వ. “ఊర్లో మందలన్నీ ఒగే దినం పోవల్ల. ఒంటిగా పోతే దావలో దొంగల పాలే. మొగుడొక్కడే ఎట్ల తోలుకుంటాడు? ఆయమ్మి గూడా పాయ.”

“యాడికి పోయినారవ్వా?”

“నీళ్లుండే దిక్కుకు” అని ఉత్తరం వైపు చెయ్యి ఊపింది.

“ఎప్పుడొస్తారు?”

“వానొస్తే.”

తిరిగి వస్తుంటే దారిలో మంద కనబడిన ప్రతిచోటా జీపు ఆపించాను. డ్రైవరు విసుక్కున్నాడు, నాకూ తెలుసు అది పిచ్చిపని అని. మేం పెట్టిన నల్ల గీత ఎవరి పొలాల్లోనో, ఏ ఊరి గట్ల మీదో గొర్రెల వెనక నడుస్తోంది. దాని కొసన ఆ రేణువులున్నాయి. అవి ఊరికే ఉన్నాయో, పాకుతున్నాయో. ఆ వేసవంతా ఆమె ఫిల్మును ఎన్నిసార్లు లైటు మీద పెట్టి చూశానో నాకే తెలీదు, చూస్తే అవి కదలకుండా ఉంటాయన్నట్టు.

ఆ ఏడు వాన ఆలస్యంగానైనా వచ్చింది. ఒక పొద్దున తాళం తీద్దామని వస్తే నా గది తలుపుకు ఆనుకుని, కంబళి పరుచుకుని ఆమె కూర్చుని ఉంది. చిక్కిపోయింది, ఇంకా నల్లబడింది. నాది మామూలుగానే మంచి నోరు కాదు. ఆ రోజు ఆమెను ఎన్ని మాటలు అన్నానో. చచ్చినావో బతికినావో తెలీక మేం చస్తున్నామని, ప్రాణమంటే లెక్కలేదా అని, ఒక మాటైనా చెప్పి పోకూడదా అని. ఆమె అన్నీ విన్నది. నాకు ఆయాసం వచ్చి ఆగాక మొదలుపెట్టింది.

“దావలో మా మందలో వేరేవాళ్ల గొర్రె ఒగటి కలిసిపాయ నర్సమ్మా. చెవి చూస్తే గుర్తుకు పెట్టిన కోత మాది కాదు. వెనక్కి పోయి, ఎవురిదో కనుక్కోని అప్పజెప్పి వస్తిమి. గుర్తు పెట్టినోళ్లకు జీవాన్ని చేర్చాల. మాకు అది కట్టుబాటు. తప్పితే మందకు మంచిది కాదు.” ఆమె తన రొమ్ము మీద చెయ్యి వేసుకుంది. “నన్ను మీరు గుర్తు పెట్టినారు. పండుకుంటే అదే గ్యానం. మీ జీవం యాడో తిరుగుతాండాది, చేర్చల్ల గదా అని. మంద ఊరికి రాగానే బస్సెక్కినా.”

నేను తాళం తీసి, నా కుర్చీని ఆమె వైపు జరిపాను. తిట్టిన మనిషికి నేను కుర్చీ వేయడం అదే మొదటిసారి అని మా ఆయమ్మ ఇప్పటికీ అంటుంది.

చర్మం మీద చుక్క నువ్వుగింజంత నల్లగా అలాగే ఉంది. లోపలి గీత ఉందో లేదో కోస్తేగాని తెలీదు. ఫిల్ములో బొగ్గు కనబడదు. ఇన్ని నెలలు ఉంటుందని ఆ పత్రికలో రాసి ఉందా అని అడిగితే, సర్జన్ తల గోక్కుని, “రాశారు. రాసినవాళ్ల పేషెంట్లు గొర్రెల వెంట ఇంత దూరం నడిచి ఉండరు కదండీ” అన్నాడు.

థియేటర్లో నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆయన కోశాడు. పసుప్పచ్చటి కొవ్వు. ఇంకొంచెం లోపలికి. అప్పుడు కనబడింది. కాటుకతో గీసినట్టు సన్నగా, నల్లగా, ఎక్కడా తెగకుండా లోపలికి పోతోంది. ఎండలు, దుమ్ము, అన్ని ఊళ్ల నడక, ఏదీ దాన్ని చెరపలేదు. మత్తు డాక్టరు కూడా లేచి వచ్చి తొంగిచూశాడు. సర్జన్ ఆ గీతను వదలకుండా దాని కొస దాకా పోయి, ఆ ముక్క వరకే తీసి స్టీలు గిన్నెలో పెట్టి నా చేతికిచ్చాడు.

ఇక నా పని. ఆ ముక్కకు ఎక్స్‌రే తీసి, రేణువులు అందులో ఉన్నాయో లేదో చెప్పాలి. లేకపోతే మొత్తం తీయడం గురించి మళ్లీ మాట్లాడుకోవాలి. ఆయమ్మ ముందు నడుస్తూ జనాన్ని తప్పించింది. చీకటిగదిలో ఫిల్ము కడిగి, ఆరేదాకా ఆగలేదు. తడి ఫిల్మునే లైటు మీద పెట్టాను. ఉన్నాయి. వంకరటింకరగా, ఒకదాని వెనక ఒకటి, అన్నీ ముక్క నడుమనే. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవాలని కూడా అనిపించలేదు. థియేటరు తలుపు తోసి, అన్నీ వచ్చేశాయి సార్ అని చెప్పాను. ఆయన కుట్లు వేయడం మొదలుపెట్టాడు.

తిరిగి వచ్చేసరికి మేనేజరు నా గదిలో లైటుపెట్టె ముందు నిలబడి ఉన్నాడు. “యాడుండాయి?” అన్నాడు. చూపించాను. భూతద్దం తీసుకుని చాలాసేపు చూశాడు. “ఇవేనా? ఇంతేనా?” అన్నాడు. ఇంతే సార్ అన్నాను. ఆయన భూతద్దాన్ని మెల్లగా, పగిలిపోతుందేమో అన్నట్టు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ వారమే మా కాగితం తిరిగి వచ్చింది. బొగ్గు గడిలో ఆయన తన చేతిరాతతో, పేషెంటును ఇంటి నుంచి తీసుకురావడానికి జీపు ఖర్చు అని కలిపాడు. అది కలిపినా బొగ్గే చవక. మొత్తం తీసేసే గడిని కొట్టేశాడు. మా ఆసుపత్రిలో తర్వాత చాలా ఏళ్లు అలాగే నడిచింది.

పరీక్ష ఫలితం వచ్చింది. క్యాన్సరే. కానీ మొదటి మెట్టు మీదే ఉంది, పుట్టిన చోటు దాటలేదు, తీసిన ముక్క అంచులన్నీ శుభ్రం. బెంగళూరులో కొన్నాళ్లు రేడియేషన్, మా జనం మాటలో కరెంటు, పెట్టించుకుంటే చాలు, రొమ్ము తీయాల్సిన పనిలేదు. సర్జన్ చెప్తుంటే ఆమె తల ఊపుతూ విన్నది. ఆయన వెళ్లాక నా వైపు తిరిగింది.

“అయితే చెడ్డదే గదా నర్సమ్మా?”

“చెడ్డదే. పోయింది.”

“చూపిస్తావా?”

ఫిల్ము పెట్టి లైటు వేశాను. ఆమె చేతికి భూతద్దం ఇచ్చాను. మొదట ఆమెకు ఏమీ కనబడలేదు. వేలుపెట్టి చూపిస్తే కనబడ్డాయి. ఆసుపత్రికి వచ్చిన ఇన్ని రోజుల్లో ఎప్పుడూ చెప్పని మాట అప్పుడు చెప్పింది.

“మా చెల్లెలికీ రొమ్ములోనే వచ్చె. పోయి రెండేండ్లాయ. దానిది చేతికి తగిలేది. ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఎవురూ యాడికీ తోడుకపోలేదు.” భూతద్దం దించకుండానే అంది. “నాది చూడు, కంటికి గూడా కనపడదు. దీనికోసం ఇంతమంది ఎదికినారు.”